బీఏ ఎకనామిక్సా... అయ్యో పాపం!

ఇంజినీరింగ్ సీటు రానివాళ్లు, మెడిసిన్ మీద ఆశ వదులుకున్నవాళ్లు చేరే కోర్సు... డిగ్రీలో అర్థశాస్త్రం అంటే చాలా ఇళ్లలో ఇప్పటికీ ఇదే అభిప్రాయం. కానీ టమాటా ధర నుంచి పొదుపు సంఘం అప్పుదాకా మన బతుకులో ప్రతి లెక్కకూ సమాధానం వెతికే చదువది. ఆ చదువుకు దారి తెరుచుకునేదీ, మూసుకుపోయేదీ మాత్రం డిగ్రీలో కాదు... పదో తరగతి అయిన వేసవి సెలవుల్లో!

పెళ్లి భోజనాల దగ్గర పలకరింపులు మొదలయ్యాయి.

“ఏం చదువుతున్నావమ్మా?”

“బీఏ అత్తయ్యా... ఎకనామిక్స్.”

అత్తయ్య చేతిలోని బూరె నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. “అయ్యో... ఎంసెట్‌లో ర్యాంకు రాలేదా?”

పక్క విస్తరి దగ్గర కూర్చున్న బాబాయ్ ఆదుకోబోయాడు. “పోన్లే అక్కా, గ్రూప్స్ రాసుకుంటుంది. ఏదో ఒక డిగ్రీ ఉండాలిగా!”

ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. ‘ర్యాంకు రాక కాదు, ఇష్టపడే చేరాను’ అని చెప్పినా ఎవరూ నమ్మరని ఆమెకు తెలుసు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. ఎంపీసీ, బైపీసీ... ఈ రెండు పట్టాల మీదే పిల్లల చదువు బండిని నడిపించడం మనకు అలవాటైపోయింది. ఆ పట్టాలు తప్పితే పడిపోయినట్టే లెక్క. మరి నిజంగానే అర్థశాస్త్రం పడిపోయినవాళ్ల చదువా?

టమాటా చెప్పే పాఠం

మదనపల్లె మార్కెట్టునే చూడండి. ఒక ఏడాది ధర లేక రైతులు టమాటాను రోడ్డు మీద పారబోస్తారు. మరో ఏడాది అదే టమాటా కొనలేక గృహిణులు చింతపండుతో సరిపెట్టుకుంటారు. 2023 జులైలో కిలో ధర వంద రూపాయలు దాటిన సంగతి ఎవరూ మర్చిపోయి ఉండరు. ‘దళారుల మాయ’ అంటారు కొందరు. ‘రైతు తలరాత’ అంటారు ఇంకొందరు. అర్థశాస్త్రం చదివే విద్యార్థి అక్కడితో ఆగడు.

ధర సగానికి పడిపోయిందని మనం రెట్టింపు టమాటాలు తినం కదా! పప్పులో వేసేవి రెండైతే రెండే. అందుకే పంట కాస్త ఎక్కువైనా ధర దబ్బున పడిపోతుంది. ఓ చిన్న లెక్క వేద్దాం. నిరుడు రైతు వంద బుట్టలు పండించి, బుట్ట వంద రూపాయల చొప్పున అమ్మాడనుకుందాం. చేతికి 10,000 వచ్చాయి. ఈసారి బాగా పండి 110 బుట్టలు వచ్చాయి. కానీ అందరికీ బాగానే పండింది కాబట్టి ధర 70కి దిగింది. చేతికొచ్చింది 7,700. పంట పెరిగింది... రాబడి తగ్గింది! డిగ్రీ మొదటి ఏడాది పుస్తకాల్లో ‘డిమాండు వ్యాకోచత్వం’ అన్న గంభీరమైన పేరుతో కనిపించే పాఠం ఇదే.

కథ అక్కడితో అయిపోలేదు. ధర పడిపోయిందని రైతులు తరవాతి పంటకు టమాటా మానేస్తారు. సరుకు తగ్గి ధర ఆకాశాన్ని అంటుతుంది. ఆ ధర చూసి అందరూ మళ్లీ టమాటానే నాటుతారు. మళ్లీ పారబోతలే. గీత గీస్తే అచ్చం సాలెపురుగు అల్లిన గూడులా ఉంటుంది. అందుకే ఆర్థికవేత్త నికొలాస్ కాల్డర్ 1934లో దీనికి సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడు. సిద్ధాంతం తెలిసినంత మాత్రాన టమాటా ధర నిలబడదు. కానీ శీతల గిడ్డంగి కట్టాలా, గుజ్జు ఫ్యాక్టరీ పెట్టాలా, ఎవరెంత నాటుతున్నారో రైతుకు ముందే చెప్పాలా అన్న ప్రశ్న సరిగ్గా వేయడానికి అది కావాలి.

నాలుగో లడ్డూ రహస్యం

ఇంటర్‌లో ఎకనామిక్స్ చదివిన ఎవరినైనా అడగండి. మొదటి పాఠం గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. ఆడం స్మిత్ సంపద నిర్వచనం, మార్షల్ శ్రేయస్సు నిర్వచనం, రాబిన్స్ కొరత నిర్వచనం... ఆ వెంటనే ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’. ఈ పేరు వినే సగం మంది పిల్లలు జడుసుకుంటారు.

నిజానికి అందులో భయపడాల్సిందేమీ లేదు. మొదటి బందరు లడ్డూ అమృతంలా ఉంటుంది. రెండోదీ బాగానే ఉంటుంది. మూడోదానికి ‘ఇక చాల్లే’ అనిపిస్తుంది. నాలుగోది వడ్డించబోతే చేతులు అడ్డం పెడతాం. తినేకొద్దీ ఒక్కో లడ్డూ ఇచ్చే అదనపు తృప్తి తగ్గిపోతుంది. అంతే! దీన్నే డబ్బుకు అన్వయించి చూడండి. కూలికి వెళ్లే మనిషికి వంద రూపాయలంటే ఓ పూట ఇల్లు గడవడం. కోటీశ్వరుడికి అదే వంద లెక్కలోకే రాదు. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను శాతం కూడా పెరగాలన్న వాదనకు ఒక మూలం ఈ లడ్డూలోనే ఉంది.

ఇలాంటిదే మరో పాఠం అవకాశ వ్యయం. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు లక్ష రూపాయలు కట్టామనుకుందాం. ఖర్చు లక్షేనా? కాదు. ఆ ఏడాది పిల్లాడు వేరే ఏం చదివేవాడో, ఏం నేర్చుకునేవాడో అదీ ఖర్చే. ‘ఫ్రీ సీటు’లో చేరినా మూడేళ్ల వయసు ఫ్రీగా రాదు కదా!

మూడేళ్లలో వ్యక్తులూ వ్యాపారాల లెక్కలు చూసే సూక్ష్మ అర్థశాస్త్రం, దేశం మొత్తాన్ని చూసే స్థూల అర్థశాస్త్రం, ద్రవ్యం-బ్యాంకింగ్, ప్రభుత్వ విత్తం, భారత ఆర్థిక వ్యవస్థ, అంతర్జాతీయ వ్యాపారం, స్టాటిస్టిక్స్... ఇవీ ప్రధానమైన సబ్జెక్టులు. మంచి కోర్సుల్లో వీటికి ఎకనామెట్రిక్స్ తోడవుతుంది. గణాంకాలతో సిద్ధాంతం నిజమో కాదో పరీక్షించే విద్య అది.

మన బస్తీల్లో నోబెల్ పాఠం

సిద్ధాంతాన్ని పరీక్షించడమంటే ఏమిటో తెలియాలంటే హైదరాబాద్ బస్తీల్లోకి వెళ్లాలి.

పేదలకు చిన్న అప్పులిస్తే చాలు, వ్యాపారాలు పెట్టి పేదరికం నుంచి బయటపడతారని ఒకప్పుడు ప్రపంచమంతా నమ్మింది. ‘అప్పుల ఊబిలోకి దింపుతున్నారు’ అని మరో వర్గం మండిపడింది. ఇందులో ఏది నిజం? అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి హైదరాబాద్‌లో 104 బస్తీలను ఎంచుకున్నారు. వాటిలో సగం బస్తీల్లో ముందుగా ఓ సూక్ష్మరుణ సంస్థ శాఖ తెరిచేలా, ఆ సగం ఏవన్నది లాటరీ తీసినట్టు తేలేలా ఏర్పాటు చేశారు. తరవాత రెండు రకాల బస్తీల్లోనూ ఇల్లిల్లూ తిరిగి వివరాలు సేకరించారు.

ఏం తేలింది? అప్పు దొరికినచోట కొందరు ఉన్న వ్యాపారాన్ని పెంచుకున్నారు. ఇంటికి పనికొచ్చే మన్నికైన వస్తువులు కొనుక్కున్నారు. బయట టీలు, చిరుతిళ్లు, పొగాకులాంటి ఖర్చులు తగ్గించుకున్నారు. కానీ పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అంటే అద్భుతమూ జరగలేదు, ఆ అధ్యయనం చూసిన మేరకు అందరూ ఊబిలో కూరుకుపోనూ లేదు. 2015లో అచ్చయిన ఈ అధ్యయనం ఇప్పుడు ఎన్నో విశ్వవిద్యాలయాల్లో పాఠం. పేదరికంపై ఇలాంటి ప్రయోగాలు చేసినందుకే బెనర్జీ, డఫ్లోలకు మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో నోబెల్ వచ్చింది. ఆ బెనర్జీ డిగ్రీలో చదివింది ఏమిటో తెలుసా? కోల్‌కతా ప్రెసిడెన్సీ కాలేజీలో ఎకనామిక్స్! 1998లో నోబెల్ అందుకున్న అమర్త్యసేన్‌దీ అదే కాలేజీ, అదే సబ్జెక్టు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ బడులూ ఇలాగే ప్రయోగశాలలయ్యాయి. పిల్లల మార్కులు మెరుగైతే టీచర్లకు చిన్న బోనస్ ఇచ్చి చూశారు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. అది సగటున ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్ల తరవాత ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతావాళ్లకంటే ముందున్నారు. మన ఊరి బడి గురించి ప్రపంచం చదువుకుంటోంది. మనమేమో అదే సబ్జెక్టును ‘ఏదో ఒక డిగ్రీ’ అంటున్నాం!

లెక్కలు వదిలేస్తే...

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘మావాడికి లెక్కలు రావు, అందుకే ఆర్ట్స్‌లో వేశాం’ అనే తల్లిదండ్రులు ఎందరో. ఇంటర్‌లో సీఈసీలోనో హెచ్ఈసీలోనో చేర్పిస్తారు. ఎకనామిక్స్ ఎలాగూ ఉంది కదా అనుకుంటారు. రెండేళ్ల తరవాత ఆ పిల్లాడికి సబ్జెక్టు మీద ఇష్టం కలుగుతుంది. ఢిల్లీ వర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ చదవాలనుకుంటాడు. తీరా చూస్తే ప్లస్‌టూ స్థాయిలో మ్యాథ్స్ తప్పనిసరి! తలుపు పదహారేళ్లకే మూసుకుపోయిందన్న సంగతి పద్దెనిమిదేళ్లకు తెలుస్తుంది.

కాబట్టి ఎకనామిక్స్ మీద ఆసక్తి ఉంటే ఇంటర్‌లో ఎంఈసీ మేలు. మ్యాథ్స్, ఎకనామిక్స్ రెండూ ఉంటాయి. ఎంపీసీ వాళ్లకూ దారి తెరిచే ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐఐటీల్లో బీఎస్ ఎకనామిక్స్, బిట్స్ పిలానీలో ఎమ్మెస్సీ ఎకనామిక్స్ ఉన్నాయి. వీటిలో చేరాలంటే మాత్రం ఇంజినీరింగ్ పిల్లలు రాసే ప్రవేశపరీక్షలే రాయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ కోర్సులకు 2022 నుంచి సీయూఈటీ ఉంది. అర్హత నిబంధనలు ఏటా ఓసారి సరిచూసుకోవడం మంచిది.

మరి లెక్కలు చదవనివాళ్ల సంగతేమిటి? మన రాష్ట్రాల డిగ్రీ కాలేజీల్లో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కలిసిన బీఏ ఎప్పట్నుంచో ఉంది. అందులో చేరడానికి మ్యాథ్స్ అడ్డంకి కాదు. కానీ పీజీకి పేరున్న చోటికి వెళ్లాలంటే ఆ మూడేళ్లలో కలన గణితం, స్టాటిస్టిక్స్ సొంతంగానైనా నేర్చుకోవాల్సిందే.

అలాగని లెక్కలే సర్వస్వమూ కాదు. 1903లో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రానికి ప్రత్యేక డిగ్రీ కోర్సు పెట్టించిన మార్షల్ స్వయంగా గణితంలో దిట్ట. ఆయనే ఓ మిత్రుడికి రాసిన ఉత్తరంలో సలహా ఇచ్చాడు. లెక్కలతో ఆలోచించు, తేలినదాన్ని మామూలు మాటల్లోకి మార్చు, నిజజీవితంలోంచి ఉదాహరణ చెప్పు, ఆ తరవాత లెక్కల కాగితం కాల్చెయ్ అన్నది దాని సారాంశం!

రాణిగారి ప్రశ్న

ఈ శాస్త్రానికి లోపాలు లేవా? లేకేం! 2008లో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. ఆ నవంబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లిన ఎలిజబెత్ రాణి ‘ఇంత పెద్ద ముప్పును ముందే ఎవరూ ఎందుకు పసిగట్టలేదు?’ అని అడిగారు. ఉద్దండులు నీళ్లు నమిలారు. 2011లో హార్వర్డ్‌లో కొందరు విద్యార్థులు ఎకనామిక్స్ క్లాసులోంచి లేచి బయటికి వెళ్లిపోయారు. మర్నాడే మాంచెస్టర్ విద్యార్థులు వీధికెక్కలేదుగానీ, 2012లో ఏకంగా ఓ సంఘమే పెట్టి ‘మా పాఠాలు మార్చండి’ అన్నారు. అసమానతలు, పర్యావరణం లాంటి అంశాలతో మొదలయ్యే కొత్త పాఠ్యపుస్తకాలు ఆ తరవాతే వచ్చాయి. కోర్ బృందం తయారుచేసిన ‘ది ఎకానమీ’ని నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

మన దగ్గర సమస్య వేరు. నిర్వచనాలు బట్టీ పట్టి, పరీక్షకు ముందు గైడు తిరగేసి మార్కులు తెచ్చుకుంటే డిగ్రీ చేతికొస్తుంది, అర్థశాస్త్రం రాదు. పక్కనే ఉన్న రైతుబజారులో ఒక్కసారీ అడుగుపెట్టకుండా మార్కెట్ సమతౌల్యం మీద ఇరవై మార్కుల జవాబు రాసేస్తుంటే ఎలా?

ఉద్యోగం మాటేమిటి?

ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఇదే. అడగాల్సిందే కూడా. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఒక్క బీఏతో ‘ఆర్థికవేత్త’ కొలువు రాదు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు పీజీ ఉండాలి. జూనియర్ లెక్చరర్ కావాలన్నా అంతే. డిగ్రీతో బ్యాంకు పరీక్షలు, సివిల్స్, గ్రూప్స్ రాయొచ్చు. గ్రూప్స్‌లో ఎకానమీ మీద ప్రత్యేకంగా ప్రశ్నలుంటాయి కాబట్టి ఈ పిల్లలకు కాస్త మొగ్గు. స్టాటిస్టిక్స్, కంప్యూటర్ మీద డేటా విశ్లేషణ వస్తే ప్రైవేటు కంపెనీల్లోనూ చోటుంటుంది. మూడేళ్లలో వెంటనే జీతం కావాల్సిన ఇంట్లో ఈ లెక్కలన్నీ ముందే వేసుకోవాలి. ఐదేళ్లు ఆగగలిగిన ఇంటికి మాత్రం ఇది చిన్న దారేమీ కాదు.

కడప జిల్లాలో పుట్టి, మద్రాసులో ఎకనామిక్స్ ఎంఏ, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన యాగా వేణుగోపాల్ రెడ్డి 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆయన వెనకాలే ఆ కుర్చీలో కూర్చున్నదీ తెలుగువాడే. దువ్వూరి సుబ్బారావు చదివింది ఫిజిక్స్ అయినా తరవాత ఎకనామిక్స్‌లోకి వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. ఆయన బాధ్యతలు తీసుకున్న పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. దేశం కరెన్సీ నోటు మీద వరసగా పదేళ్లు మనవాళ్ల సంతకమే ఉంది!

అందుకే పదో తరగతి ఫలితాలు వచ్చాక గ్రూపు ఎంచుకునే ముందు పిల్లలతో ఓ గంట కూర్చోండి. పేపర్లో ధరల వార్త వస్తే వాళ్లు ‘ఎందుకు’ అని అడుగుతున్నారా? లెక్కలంటే ప్రేమ లేకపోయినా, కనీసం పగ లేకుండా ఉందా? అయితే ఆ మూడో పట్టా గురించి కూడా ఆలోచించండి. ర్యాంకు రానందుకు కాదు... ఇష్టం ఉన్నందుకు.

అన్నట్టు ఆ పెళ్లి భోజనాల దగ్గర ఏమైందంటారా? జాలిపడ్డ అత్తయ్య, అమ్మాయి విస్తట్లో నాలుగో లడ్డూ వేయించబోయింది.

“వద్దత్తయ్యా... ఉపాంత ప్రయోజనం సున్నాకి వచ్చేసింది!”

“అంటే?”

అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. అత్తయ్య ఈసారి బూరె పక్కన పెట్టి మరీ వింది.