అరటి గెలల నుంచి టీషర్టుల దాకా...

అమెరికాలో ఎవరైనా టీషర్టు కొని మెడ దగ్గరి చీటీ తిప్పి చూస్తే 'మేడిన్ హోండురస్' అని కనిపించడం మామూలే. ఆ చొక్కాల్లో చాలావరకూ తయారయ్యేది శాన్ పెద్రో సులా నగరంలోనూ దాని చుట్టుపక్కల ఊళ్లలోనూ. హోండురస్ రాజధాని తెగుసిగల్పా. డబ్బు పుట్టేది మాత్రం ఇక్కడ!

1536లో స్పెయిన్ సేనాని పెద్రో దె అల్వరాదో వేసిన ఈ ఊరు మూడు శతాబ్దాలకు పైగా అనామకంగానే ఉండిపోయింది. దాని దశ తిప్పింది అరటిపండు. ఉలువా, చమెలెకోన్ నదుల ఒండ్రుమట్టితో సులా లోయ బంగారం పండే నేల. కుయామెల్, యునైటెడ్ ఫ్రూట్ లాంటి అమెరికా కంపెనీలు వచ్చి తోటలు వేశాయి. రైలు పట్టాలు వాళ్లవే, ఓడలు వాళ్లవే... ప్రభుత్వాల్ని ఆడించిందీ వాళ్లే. 'బనానా రిపబ్లిక్' అన్న మాటను రచయిత ఓ హెన్రీ పుట్టించింది ఈ దేశాన్ని చూశాకే. చివరికి 1954లో కూలీలు రెండు నెలలకు పైగా పని మానేస్తేగానీ కార్మిక సంఘాలకు గుర్తింపు రాలేదు.

1980ల తర్వాత తోటల స్థానాన్ని 'మకీలా'లు ఆక్రమించాయి. ఎగుమతి కోసమే నడిచే కార్ఖానాలివి. అమెరికా నుంచి నూలు ప్యుయెర్తో కోర్తెస్ రేవులో దిగుతుంది. ఇక్కడ బట్టగా మారి, చొక్కాగా కుట్టుకుని, అదే రేవు నుంచి తిరిగి వెళుతుంది. చైనా సరుకు రావడానికి వారాలు పడితే దీనికి కొద్దిరోజులు చాలు. 2006లో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక, 2025లో ట్రంప్ ప్రభుత్వం 10 శాతం వేసేదాకా, అక్కడి నూలుతో చేసిన చొక్కాలకు సుంకం బెడదా లేదు. మిషన్ల ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. లక్ష్యాల వెంట పరుగులో భుజాలూ నడుమూ అరిగిపోతాయి. కంపెనీలకేమో పన్ను మినహాయింపులు. ఇక ఊరికి మిగిలేదల్లా జీతాలే!

ఆ జీతాల మీదా ముఠాల కన్ను. బస్సు యజమానుల దగ్గరా చిల్లర దుకాణాల దగ్గరా వాళ్లు దండుకునే సొమ్ముకు 'యుద్ధ పన్ను' అని పేరు. 2010ల మొదట్లో ప్రపంచంలోనే హత్యలు ఎక్కువ జరిగే నగరంగా దీని పేరు మోగిపోయింది. తర్వాత ఆ సంఖ్య బాగా తగ్గింది. నదులు మాత్రం తగ్గలేదు. 2020 నవంబరులో రెండు వారాల తేడాతో ఎటా, అయోటా తుపాన్లు విరుచుకుపడి లోయను ముంచేశాయి. విమానాశ్రయం సైతం నీళ్లపాలైంది.

2018 అక్టోబరులో అమెరికా వైపు నడిచి వెళ్లిన వలసజనం బయల్దేరింది ఈ నగర బస్టాండు నుంచే. అలా వెళ్లినవాళ్లు ఇళ్లకు పంపే డాలర్లు ఇటీవలి సంవత్సరాల్లో దేశ జీడీపీలో దాదాపు నాలుగో వంతు.