తప్పిన గుండు ఎక్కడ ఆగాలి?

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌కు ర్యాలీ డ్రైవరైన తండ్రి ఇంటి దగ్గరే సాధనకు రేంజ్ ఏర్పాటు చేశారు. 2018లో పదమూడేళ్లకే ఆమె 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 2008లో బీజింగ్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రాకూ సొంతింట్లో రేంజ్ ఉండేది. ఊరు దాటి వాడా, షహాపూర్ వైపు నాలుగు గుంటల నేల కొనుక్కున్న భివండి పద్మానగర్ వాసికి, మన పిల్లలకూ ఒకటి కట్టిద్దామని అనిపిస్తే తప్పేమీ లేదు. గురి సంగతి తర్వాత. తప్పిన గుండు ఎక్కడ ఆగుతుందో ముందు తేల్చుకోవాలి.

పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ పెల్లెట్ బరువు అర గ్రాము, వేగం సెకనుకు సుమారు 175 మీటర్లు. లెక్క కడితే దాని శక్తి 8 జౌళ్ల లోపే. పోటీల్లో వాడే పాయింట్ 22 రైఫిల్ తూటాకు అదే సుమారు 140 జౌళ్లు ఉంటుంది. పైకి ఎగిరిందంటే కిలోమీటరు దాటిపోతుంది. గోదాములు, చాళ్లు, రోడ్లు ఇంత దగ్గరగా ఉన్న చోట ఆరుబయట తూటాల రేంజ్ ఊసే వద్దని నా అభిప్రాయం. పైగా దానికి లైసెన్సు కావాలి. 4.5 మిల్లీమీటర్ల గొట్టం ఉండి, 20 జౌళ్లు మించని ఎయిర్‌గన్‌కు మాత్రం 2016 ఆయుధ నిబంధనల్లో మినహాయింపు ఉంది. అయినా ముందు పోలీసు స్టేషన్‌లో ఒక మాట అడగడం మంచిది.

ఆ 8 జౌళ్లను ఆపడంలోనే అసలు కిటుకు ఉంది. శక్తి అంటే బలాన్ని దూరంతో గుణించినది. పెల్లెట్ ఒక మిల్లీమీటరులో ఆగితే తగిలిన చోట సగటున 8,000 న్యూటన్ల బలం పడుతుంది. పది సెంటీమీటర్లు వెనక్కి జరిగే వస్తువైతే 80 న్యూటన్లే. అందుకే లక్ష్యం వెనక వాలుగా బిగించిన ఉక్కు రేకు, దాని అడుగున తొట్టి పెట్టి, ఆ వెనక మందపాటి తివాచీని గోడకు ఎడంగా, వదులుగా వేలాడదీస్తారు. రేకు వాలు నేలవైపు ఉండాలి. నిటారుగా నిలబెడితే పెల్లెట్ తిరిగి మొహం మీదికే రావచ్చు. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వకూడదు.

సాంచాలు (మరమగ్గాలు) తీసేసిన పాత కార్ఖానా దీనికి చక్కగా సరిపోతుంది. పొడవు పది మీటర్లకు పైన ఉండి, గుండు వెళ్లే వైపు తలుపు, కిటికీ లేకపోతే చాలు. పక్క షెడ్డులో సాంచాలు నడుస్తుంటే మాత్రం చిక్కే. చెవులకు అడ్డం ఏదైనా పెట్టుకుని చప్పుడును ఆపవచ్చు, నేల అదురును ఆపలేం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. తుపాకీ మీది రెండు సైట్ల మధ్య 80 సెంటీమీటర్లుంటే, ముందు సైట్ 0.04 మిల్లీమీటరు కదిలినా గుండు అర మిల్లీమీటరు పక్కకు పోతుంది. ఆ 0.04 మిల్లీమీటరు వెంట్రుక మందం కన్నా తక్కువ. సాంచాలు ఆగే వేళ చూసుకుని సాధన చేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

పెల్లెట్లు సీసంతో చేసినవి. రేకుకు కొట్టుకున్నప్పుడు సన్నని పొడి రాలుతుంది, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పొడి చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. తొట్టిలో పడ్డవి విడిగా డబ్బాలో దాచండి. రేంజ్‌లో తిండి, చాయ్ పెట్టవద్దు. ఇంటికి వెళ్లగానే, అన్నం ముందు కూర్చోకముందే, పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.