తలకిందుల తపస్సు

ఎడిటర్‌గారు అడిగింది వేరు. ‘‘వేసవి సంచికకు ముఖచిత్ర కథనం కావాలి. ఇంట్లో సులువుగా పెంచుకోదగ్గ పది రకాల చేపలు. బుధవారం సాయంత్రానికల్లా ఇచ్చెయ్’’ అన్నారు. గప్పీ, మోలీ, గోల్డ్‌ఫిష్ అని వేళ్లు మడుచుకుంటూ శనివారం హైదరాబాద్‌లో ఒక అక్వేరియం షాపుకెళ్లాను. మూలనున్న తొట్టెలో బెత్తెడు చేప ఒకటి తల కిందికీ తోక పైకీ పెట్టి కదలకుండా నిలబడి ఉంది. ప్రాణం పోతోందేమో అనుకున్నాను. ‘‘ఏం కాలే సార్, అది గట్లనే ఉంటది’’ అన్నాడు షాపు కుర్రాడు. మిగతా తొమ్మిది చేపలకూ అక్కడితో నీళ్లొదిలేశాను.

దాన్ని హెడ్‌స్టాండర్ అంటారు. దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో నదుల్లోనూ, గయానా, సురినామ్ ఏరుల్లోనూ ఉంటుంది. ఆ పేరుతో చలామణీ అయ్యే చేపలు కొన్ని ఉన్నాయి. నేను చూసింది చారల రకం, శాస్త్రీయనామం అనోస్టమస్ అనోస్టమస్. కదురులాంటి ఒళ్లు, మూతి నుంచి తోకదాకా పసుపు, నలుపు చారలు, తోక మొదట్లో కుంకుమ అద్దినట్టు ఎరుపు. మనసు పడ్డానని దాచను. అయితే ‘శీర్షాసనం వేసే చేప’ అంటూ దాన్ని గారడీ బొమ్మలా అమ్మడం మాత్రం నాకు నచ్చదు. ఆ నిలబడటం పొట్టకూటి కోసం. నీళ్లు జోరుగా పారే రాతి చోట్ల, నిలువు పగుళ్ల మధ్య బతుకుతుంది. రాతికి పట్టిన పాచినీ, అందులోని పురుగూ పుట్రనూ గీక్కుని తింటుంది. తల దించితే ఒళ్లు పగులులో ఇమిడిపోతుంది, చారలు కూడా నిలువుగా మారి నీడల్లో కలుస్తాయి. భయమేస్తే మాత్రం ఆసనం గీసనం ఏమీ ఉండదు. ఒళ్లు తిన్నగా చేసుకుని బాణంలా దూసుకుపోతుంది.

కాగితమ్మీద చేప

అనోస్టమస్ అంటే గ్రీకులో ‘పైకి తిరిగిన నోరు’ అని. తల కిందికి పెట్టే చేపకు నోరు పైకని పేరేమిటి? ఈ చిక్కుముడి పట్టుకుని పోతే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో 1742 నాటి చిన్న వ్యాసం తగిలింది. చేపల చర్మాలు ఎండబెట్టి దాచుకునే పద్ధతి దాని విషయం. ఆ పద్ధతి హాలండ్‌లోని లైడెన్ నగర వైద్యుడు యాన్ ఫ్రెడరిక్ గ్రోనోవియస్‌ది. నా ఆదివారం, సోమవారం రెండూ ఆయనకే ధారపోశాను.

పద్ధతి వింటే మన కోస్తా ఊళ్లలో ఎండుచేపల పందిళ్లు గుర్తొస్తాయి. కాకపోతే అక్కడ మిగిల్చేది మాంసం, ఇక్కడ మిగిల్చేది తోలు. కత్తెరతో చేపను పొడవునా చీల్చి, ఒకపక్క చర్మాన్ని రెక్కలతో సహా వేరు చేస్తారు. కండ తీసేస్తారు. రెక్కలు విప్పార్చి చెక్కకు సూదులతో గుచ్చుతారు. ఎండాక కాగితాల మధ్య పెట్టి బరువు కింద ఒత్తుతారు. బడి రోజుల్లో పుస్తకంలో రావి ఆకు పెట్టుకున్నామే, అచ్చం అలాగే. గ్రోనోవియస్ మొక్కల శాస్త్రజ్ఞుడు కూడా మరి. ఆకును చూసిన కంటితోనే చేపనూ చూశాడు. ఆయన కొడుకు లారెన్స్ పోగుచేసిన చేప చర్మాలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

ఇలా ఎండబెట్టిన చేప కాగితమ్మీద అడ్డంగా పడుకోవాల్సిందే. పడుకున్న చేపలో నోరెటు తిరిగిందో తెలుస్తుంది, బతికున్నప్పుడు ఎలా నిలబడేదో తెలియదు. గ్రోనోవియస్‌ల రాతల మీద బాగా ఆధారపడిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో తన ‘సిస్టెమా నేచురె’ పదో కూర్పులో ఈ చేపను సాల్మన్ల వరసలో చేర్చి, సాల్మొ అనోస్టమస్ అన్నాడు. ఆయన దక్షిణ అమెరికా గడప తొక్కలేదు. ఆ పేరులో నోరుంది, నిలబడే తీరు లేదు. ‘హెడ్‌స్టాండర్’ అనే పేరు బతికున్న చేపను చూస్తేగానీ పుట్టదు.

నిజానికి రెండు పేర్లూ కలిపి చదువుకోవాలి. తల దించి నిలబడ్డప్పుడు ఆ పైనోరు వీపు వైపుకి తిరుగుతుంది. వెనకున్న రాతికి సరిగ్గా ఆనుతుంది. అదే నేల మీద రాలిన మేత అందుకోవాలంటే పాపం వెల్లకిలా తిరగాలి. షాపులో అరగంట నిలబడి ఆ విన్యాసం కూడా చూశాను.

మిగతా చరిత్ర ఒక్క గుక్కలో: చుక్కల హెడ్‌స్టాండర్‌కు 1844లో జర్మన్ శాస్త్రజ్ఞులు మ్యూలర్, ట్రోషెల్ పేరు పెట్టారు. పాలరాతి మచ్చల రకాన్ని 1868లో గుంథర్ వర్ణించాడు. ఇక ఈ చేపలుండే గయానాకు 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి చెరకు తోటల కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అది మరో ముఖచిత్ర కథనం.

ఒకటా, ఎనిమిదా?

‘‘జంట తీసుకోండి సార్’’ అన్నాడు కుర్రాడు. పొరపాటున కూడా తీసుకోకూడదు. చారల హెడ్‌స్టాండర్లు రెండుంటే బలమైనది రెండోదాన్ని రెక్కలు చినిగేదాకా తరుముతుంది. మూడు, నాలుగైనా అదే కథ, అన్నింటికన్నా బక్కదాని మీద పడతాయి. ఒక్కదాన్నే పెంచాలి, లేదా ఏడెనిమిదికి తగ్గకుండా పెంచాలి. గుంపు పెద్దదైతే కోపం తలా ఇంత పంచుకుంటాయి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఈ ఒరలో ఎనిమిదైతే ఇముడుతాయి. ఆ ఒర కనీసం నాలుగడుగుల తొట్టె కావాలి. మా ఇంటి హాల్లో అంత చోటు లేదు. అందుకే కొనలేదు.

మంగళవారం రాత్రి మొదటి ప్రూఫు వచ్చింది. ముఖచిత్రమ్మీద నా చేప అడ్డంగా, బుద్ధిగా పడుకుని ఉంది. దాని పక్కన నీటిమొక్కలు గోడలోంచి మొలిచినట్టున్నాయి. డిజైనర్‌కు ఫోన్ చేశాను. ‘‘ఫొటో తిరగబడి వచ్చింది కదా అన్నా, నేనే సరిచేశా’’ అన్నాడు.

పెంచాలనుకునేవారికి

నీళ్లు: వీటికి సున్నం తక్కువున్న, కాస్త ఆమ్లగుణం ఉన్న నీళ్లు కావాలి. గీజరు కాయిల్‌కు తెల్లటి పెచ్చు కట్టించే మన బోరు నీళ్లలో తలకిందులుగా తపస్సు చేసినా సుఖపడవు. ఆర్వో నీళ్లు కలుపుకోవాలి. వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి.

మూత: తప్పనిసరి. ఎగిరి గచ్చు మీద పడతాయి.

మేత: పాచి తినే జాతి కాబట్టి ఉడకబెట్టిన పాలకూర, కీరదోస ముక్క ఇష్టంగా తింటాయి. స్పిరులినా బిళ్లలు షాపుల్లో దొరుకుతాయి. పాలరాతి మచ్చల రకం మాత్రం తొట్టెలోని లేత మొక్కలను కూడా కూరాకులా కొరికేస్తుంది.

సర్దుబాటు: చెక్క కొమ్మలు, పలకరాళ్లు నిలువుగా నిలబెట్టండి. అడ్డంగా పేరిస్తే వీటికి ఎందుకూ కొరగావు.

మొదటిసారి పెంచేవారికి: చుక్కల రకం నయం. మూడున్నర అంగుళాలు దాటదు, నెమ్మదస్తురాలు. జతకట్టే రోజుల్లో టిక్కు టిక్కుమని శబ్దం చేస్తుంది. పంపు ఆపి చెవి పెడితే తొట్టె బయటికి కూడా వినిపిస్తుంది.