కాపడమా, ఐసా, ఎండా?

ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద కూర్చునే నేతగాడి నడుమునూ, ఆదోని పత్తి మార్కెట్లో బరువు దించుతూ మడమ మెలిపడిన హమాలీ కాలినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది గంటల తరబడి వంగి బిగుసుకుపోయిన నొప్పి. రెండోది అప్పటికప్పుడు వాచిన నొప్పి. ఇద్దరూ ‘నొప్పి’ అనే అంటారు. ఒకరికి పనికొచ్చేది మరొకరికి కీడు చేయవచ్చు. ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ వేడి పెట్టెలు, ఐసు తొట్లు, ఎర్ర దీపాల పలకలు కలిపి ఇంట్లోనే ఆరోగ్యం అంటూ అమ్ముతున్నారు. వేడికీ చల్లదనానికీ వెలుతురుకీ గుణం ఉంది, కాదనను. అయితే ఆ గుణం కొన్న వస్తువును బట్టి కాదు, వాడిన వేళను బట్టి వస్తుంది.

వేడి సంగతి ముందు చూద్దాం. నడుము నొప్పి మీద జరిగిన ప్రయోగాలను 2006లో వైద్య పరిశోధనలను తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు ఒకచోట చేర్చి పరిశీలించారు. మొదలై మూడు నెలలు దాటని నొప్పికి కాపడం కొద్దిరోజులపాటు కొంత ఉపశమనం ఇస్తుందనీ, వ్యాయామం తోడైతే మేలు ఇంకాస్త పెరుగుతుందనీ తేలింది. ఐసు గురించి చెప్పడానికి ఆధారాలే చాలలేదు. కాబట్టి బిగిసిన నడుముకు ఉప్పు మూట కాపడం పెట్టే మన ఇళ్ల అలవాటు సబబైనదే. పావుగంట కాపడం తర్వాత లేచి నాలుగడుగులు నడిస్తేనే దానికి సార్థకత. వాచిన మడమకు మాత్రం తొలి రోజుల్లో వేడి తగలకూడదు. రక్తం ఇంకా చేరి వాపు పెరుగుతుంది. అప్పుడు గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గడం వేరు, దెబ్బ మానడం వేరు. 1978లో దెబ్బలకు ఐసు పెట్టమనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐసు మానుదలను ఆలస్యం చేయవచ్చని తర్వాత తానే ఒప్పుకున్నారు. వాపు కూడా ఒంటి మరమ్మతులో భాగమే మరి.

వేడినీ చల్లదనాన్నీ మార్చి మార్చి వాడటం మనకు కొత్త కాదు. జర్మనీకి చెందిన లూయీ కూనే రాసిన ప్రకృతి చికిత్స గ్రంథాన్ని ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. అందులో చెప్పిన తొట్టి స్నానాల సంప్రదాయం తెలుగునాట అప్పటి నుంచీ బతికే ఉంది. శ్రమ తర్వాత ఒళ్లు నొప్పులకు వేన్నీళ్లు, చన్నీళ్లు మార్చి వాడితే ఊరికే కూర్చోవడం కన్నా మేలని సమీక్షలు చెబుతున్నాయి. ఇతర పద్ధతులకన్నా గొప్పదని మాత్రం చెప్పడం లేదు. రెండు బక్కెట్లతో అయ్యే పనికి అప్పు చేయనక్కరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఫిన్లాండులో రెండు వేలకు పైగా పురుషులను ఇరవయ్యేళ్లు గమనించి, తరచూ ఆవిరి గదిలో కూర్చునేవారిలో గుండె జబ్బు మరణాలు తక్కువని 2015లో ప్రకటించారు కదా అంటారు. నిజమే. కానీ ఆ అధ్యయనం సంబంధాన్ని చూపింది, కారణాన్ని రుజువు చేయలేదు. పైగా అది చలిదేశపు అలవాటు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, రేకుల కప్పు కింద పనిచేసి వచ్చిన మనిషికి ఇంకా వేడి ఎక్కించడం ఏ లెక్కన ఆరోగ్యం? అతనికి కావలసింది నీడ, నీళ్లు, తడిగుడ్డ, ఫ్యాను గాలి. వడదెబ్బ తగిలి మాట తడబడుతుంటే ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ ప్రాంతంలో చల్లదనం ప్రాణం నిలిపే చికిత్స.

వెలుతురు మాటెత్తితే, ఎండకు కొదవా ఇక్కడ అని నవ్వేవారుంటారు. ఊరి మీద ఎండ ఉంటే చాలదు, ఒంటి మీద పడాలి. మగ్గం ఇంట్లోనే, బతుకంతా ఇంట్లోనే అయిన ఆడవాళ్లకు పడేదెంత? తిరుపతిలో జరిగిన పరిశోధనలో చర్మంలో విటమిన్ డి తయారయ్యేందుకు అనువైన ఎండ పదకొండు నుంచి రెండు గంటల మధ్య గరిష్ఠమని తేలింది. పొద్దుటి లేత ఎండ నిద్రవేళలను సరిచేస్తుందే కానీ విటమిన్‌కు అంతగా పనికిరాదు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ అసలే పనికిరాదు. అందుకే చలికాలంలో మధ్యాహ్నం కొద్దిసేపు చేతులూ కాళ్లూ ఎండకు పెట్టాలి. వేసవిలో ఆ వేళకు బయటకు రాకూడదు. ఎర్ర దీపాల విషయానికొస్తే, మెడ నొప్పికి లేజరు కాంతి కొంత పనిచేసిందని ప్రయోగాలున్నాయి. వాటిలో మోతాదు కొలిచి ఇచ్చారు. అంగట్లో దొరికే పలకకు ఆ హామీ లేదు.

పెద్దలు ఏ పరిశోధనా లేకుండానే కాపడం పెట్టారు, ఇప్పుడీ జాగ్రత్తలెందుకు అని అడగవచ్చు. ఇప్పుడు ఇంటింటా మధుమేహం ఉంది. ఏళ్ల తరబడి షుగరు ఉన్న పాదానికి స్పర్శ తగ్గుతుంది. కాలుతున్నా తెలియదు, బొబ్బ పుండవుతుంది. మీ ఇంట్లో అలా మొద్దుబారిన పాదాలున్న పెద్దలుంటే వేడి నీళ్ల సంచి గానీ ఐసు గానీ ఆ పాదాలకు తగలనివ్వకండి. ముందు డాక్టరుకు చూపించండి.