గ్యాస్ కొట్టిస్తే సరిపోదు!

మా తాతయ్య 1994లో కొన్న చిన్న కారు ఇంకా మా ఇంట్లోనే ఉంది. కంటి ఆపరేషన్ అయిన నానమ్మని మే నెల ఎండల్లో చెకప్‌లకి అందులోనే తిప్పాలి. కానీ ఏసీ పని చేయదు. ఒక షాపులో "మొత్తం కొత్త కిట్ వేయాలి, ఇరవై రెండు వేలు" అన్నారు. ఇంకో షాపులో "గ్యాస్ కొడితే చాలు" అన్నారు. నాన్న రెండూ విని "ఇక అమ్మేద్దాంలే" అనేశారు. తాతయ్య కారు కదా, నానమ్మ ఏమీ మాట్లాడలేదు. అందుకే అసలు సంగతేంటో నేనే చదవడం మొదలుపెట్టాను.

ఇంజెక్షన్ వేసే ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా ఉంటుంది కదా? ఆవిరయ్యేటప్పుడు అది మన ఒంట్లో వేడిని లాక్కుంటుంది. కారు ఏసీ కూడా అంతే. డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఎవాపరేటర్‌లో రిఫ్రిజిరెంట్ ఆవిరై లోపలి వేడిని తీసుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి, బండి ముందు భాగంలో ఉన్న కండెన్సర్‌కి పంపుతుంది. అక్కడ వేడి బయటికి పోయి, అది మళ్లీ ద్రవం అవుతుంది. ఇదొక లూప్. పెట్రోలులా గ్యాస్ ఖర్చయిపోదు. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వదిలేసి గ్యాస్ కొట్టించడమంటే, మెమరీ లీక్ ఉన్న ప్రోగ్రామ్‌ని రోజూ రీస్టార్ట్ చేయడమే!

మా కారుకి ఇంకో చిక్కు ఉంది. బానెట్ కింద స్టిక్కర్ మీద ఆర్-12 అని రాసుంది. దాంట్లో క్లోరిన్ ఉంటుంది, అది ఓజోన్ పొరని తినేస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వల్ల ప్రపంచమంతా దాన్ని ఆపేస్తూ వచ్చింది. దాని బదులు వచ్చిందే ఆర్-134ఎ. అయితే పాత సిస్టమ్‌లో కొత్త గ్యాస్ ఊరికే ఎక్కించకూడదు. కారణం ఆయిల్. కంప్రెసర్‌కి కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ ఆర్-134ఎలో కలవదు. అది ఎక్కడో పైపుల్లో ఆగిపోతే కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. అప్పుడు ఆ ఇరవై రెండు వేల బిల్లు నిజంగానే వస్తుంది.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన టార్చి వేసి పైపుల జాయింట్లు చూశారు. "గ్యాస్ కనపడదు బాబూ, ఆయిల్ కనపడుద్ది" అన్నారు. ఒక జాయింట్ దగ్గర జిడ్డు మరక. సబ్బు నీళ్లు రాసి నైట్రోజన్ ప్రెషర్ పెడితే బుడగలు వచ్చాయి. కంప్రెసర్ బాగానే ఉంది!

తర్వాత ఆయన చేసిన పనులు వరసగా ఇవి:

1. పాత ఆయిల్ తీసేసి, ఆర్-134ఎతో కలిసే ఎస్టర్ ఆయిల్ పోశారు.
2. జాయింట్లలో ఓ-రింగులన్నీ మార్చారు.
3. తేమని పీల్చే డ్రయర్ కొత్తది వేశారు. దీని దగ్గర మాత్రం పొదుపు చేయకూడదు.
4. కొత్త గ్యాస్ పోర్టులకి అడాప్టర్లు బిగించారు.
5. ముప్పావుగంట వ్యాక్యూమ్ పెట్టారు. లోపల తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచు కడుతుంది, యాసిడ్ కూడా తయారవుతుంది. పంపు ఆపాక గేజ్ ముల్లు కదల్లేదు. అంటే లీకు పోయినట్టే.
6. గ్యాస్ తూకం వేసి, పాత లెక్కలో 80-90 శాతమే ఎక్కించారు. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది.

మొత్తం ఏడు వేల లోపే అయింది.

ఇది ఇంట్లో చేసే పని కాదు. ప్రెషర్‌లో ఉన్న గ్యాస్ కంట్లో పడితే చూపే పోవచ్చు. చవకని వంటగ్యాస్ లాంటివి ఎక్కిస్తామంటే అసలు ఒప్పుకోకండి, మంటలు అంటుకుంటాయి. ఆర్-134ఎ ఓజోన్‌కి హాని చేయదు కానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకి పైగా ముదురు. లీకు మూయించడానికి అదీ ఒక కారణం.

నిజం చెప్పాలంటే, మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే చల్లదనం కాస్త తగ్గుతుంది. పాత కండెన్సర్ అంతకన్నా లాగలేదు. బండి కదిలితే మళ్లీ హాయి. మొన్న హాస్పిటల్ నుంచి వస్తుంటే, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న నానమ్మ వెనక సీటులోంచి "కాస్త తగ్గించరా, చలేస్తోంది" అంది. నాన్న అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.