పిల్లి గోకికొనుచున్నదా? మందు పూయుటకు ముందు

బుక్కపట్నం చెరువు కింది గ్రామములలోను, చుట్టుపట్ల మెట్ట పల్లెలలోను వేరుశనగ బస్తాలు నిలువజేయు రైతుకు పిల్లి ఎంత సాయమో చెప్పనక్కరలేదు. ఆ పిల్లి ఎలుకల మాట మరచి రేయింబవళ్ళు ఒళ్ళు గోకికొనుచున్నచో కొందరు “గజ్జి పట్టినది” అని ఊరకుందురు. కొందరు ఎద్దుల పిడుదులకు తెచ్చిన మందునే కాస్త పూయుదురు. ఈ రెండవ పని దాని ప్రాణము తీయగలదు.

ముందు తోక మొదలు, నడుము, మెడ నిమిరి చూడుడు. రాగిగింజలవంటి పక్కులు చేతికి తగిలినచో అది చాలవరకు ఫ్లీ అను ఎగిరెడు చిన్న పురుగు వలన కలిగిన అలర్జీ. పురుగు కుట్టినపుడు దాని లాలాజలము చర్మములోనికి పోవును. అది సరిపడని పిల్లికి ఒకటి రెండు కాట్లే చాలును. వాపు, దురద పుట్టును. “మా పిల్లిమీద ఒక్క పురుగైనను లేదే” అందురేమో! నాకికొనుచు అది వానిని మ్రింగివేయును. సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లగుడ్డపై వేయుడు. చుట్టును ఎర్రబారినచో అది పురుగు పీల్చి విసర్జించిన రక్తమే.

చెవి అంచున మొదలై ముఖమంతట మందముగా పక్కు కట్టినచో గజ్జి కావచ్చును. వెండ్రుకలు గుండ్రముగా ఊడినచో తామర కావచ్చును. ఇది ఇంటిలోని పిల్లలకు కూడ అంటును. వీని చికిత్స వేరు.

పశువుల పిడుదుల మందులలో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, కొన్ని కుక్కల మందులలో పెర్మెత్రిన్ ఉండును. ఈ జాతి మందులను విరుగగొట్టు శక్తి పిల్లి కాలేయమునకు బహు తక్కువ. వణకు, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చును. ఇదివరకే పూసియున్నచో గోరువెచ్చని నీటితో, సబ్బుతో కడిగి వెంటనే పశువైద్యశాలకు తీసికొనిపొండు. పారాసిటమాల్ మాత్ర కూడ పిల్లికి విషమే.

పిల్లులకొరకే తయారైన ఫిప్రోనిల్ లేక సెలామెక్టిన్ చుక్కలమందును పశువైద్యుడు బరువునుబట్టి చెప్పును. మెడ వెనుక వెండ్రుకలు పాయదీసి చర్మముపై వేయవలెను. దురద మిక్కుటమైనచో ప్రెడ్నిసొలోన్ కొద్ది దినములు ఇచ్చును. దానిని మీరే కొని వాడరాదు. ఇంటిలోని తక్కిన పిల్లులకు, కుక్కలకు కూడ వాటికి తగిన మందు వేయించుడు.

పిల్లిమీద నున్నవి కొద్ది పురుగులే. గ్రుడ్లు రాలి గోనెల మడతలలో, నేల పగుళ్ళలో పొదుగును. గూటిలోని పురుగు నెలల తరబడి దాగియుండగలదు. కనుక పిల్లి పడుకొను గుడ్డలను వేడినీట ఉదికి ఎండవేయుడు, మూలల దుమ్ము ఊడ్చి కాల్చివేయుడు, చుక్కలమందును నెలకొకసారి కనీసము 3 నెలలు వేయుడు.