కడలి తీగ – నింగి దారి

నెల్లూరులో కూర్చున్న తమ్ముడు అమెరికాలో ఉన్న అన్నతో, ముఖం చూసుకుంటూ ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆ మాట అంత దూరం ఎట్లా పోతున్నదని మన కళాశాలలో ఎవరినైనా అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది వేలు పైకెత్తి ఆకాశం చూపిస్తారు. కానీ చూపించవలసింది కిందికి, సముద్రం అడుగుకి! ఖండాల మధ్య నడిచే ఇంటర్నెట్ సమాచారంలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా సముద్ర గర్భంలో పరచిన తీగల గుండానే పోతున్నది. ఆకాశం గుండా పోయేది బహు స్వల్పం.

అయినా ఆ స్వల్ప భాగం కోసమే వేల కోట్లు ఖర్చుపెట్టి, ఒకసారి దివాలా తీసి, మళ్ళీ లేచి నిలబడిన సంస్థ ఒకటి ఉన్నది. దాని పేరు వన్‌వెబ్. అది నిలబడడంలో మన శ్రీహరికోటకు పెద్ద పాత్రే ఉన్నది. ఇంత పెద్ద పని వెనుక ఉన్న సారథులెవరు, ఎవరు ఏ బరువు మోశారు అన్నది విద్యార్థులమైన మనం తెలుసుకోదగిన విషయం.

సముద్రం అడుగున

ముందుగా తీగ సంగతి చూద్దాం. లోతు సముద్రంలో పడుకున్న ఈ తీగ మన పెరట్లో మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టం కంటే లావుండదు. దాని నడుమ తలవెంట్రుకంత సన్నని గాజు పోగులు ఉంటాయి. మన మాటలు, బొమ్మలు అన్నీ వెలుగు మిణుకులుగా మారి ఆ గాజు పోగుల్లో పరుగెత్తుతాయి. దూరం పోయేకొద్దీ వెలుగు నీరసిస్తుంది. కనుక కొన్ని పదుల కిలోమీటర్లకొకటి చొప్పున దానికి మళ్ళీ సత్తువ ఇచ్చే పరికరాలు అమరుస్తారు. వాటికి కావలసిన కరెంటును కూడా ఒడ్డు నుంచే, తీగలోని రాగి పొర గుండా పంపిస్తారు.

శ్రీహరికోటకు దక్షిణంగా, వంద కిలోమీటర్ల లోపునే ఉన్న చెన్నై తీరం ఇటువంటి తీగలు ఒడ్డెక్కే ముఖ్యమైన రేవు. 2002లో అక్కడి నుంచి సింగపూరుకు ఐ2ఐ అనే తీగ పడింది. పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. దానిని వేసినవారు మన దేశానికి చెందిన భారతీ సంస్థ, సింగపూరుకు చెందిన సింగ్‌టెల్ సంస్థ కలసి. భారతీకి అధిపతి సునీల్ భారతీ మిట్టల్. ఈ పేరు గుర్తుంచుకోండి. ఇరవై ఏళ్ళ తరువాత ఈయనే శ్రీహరికోటలో మళ్ళీ కనిపిస్తాడు.

తీగ ఉండగా ఆకాశం ఎందుకు?

మంచి ప్రశ్నే. తీగ చవక, వేగం, కావలసినంత సామర్థ్యం. కానీ తీగ ఎక్కడ ఒడ్డెక్కితే అక్కడికే దాని ఉపకారం. అండమాన్ దీవుల సంగతే చూడండి. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్ర తీగ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా అక్కడి జనం ఉపగ్రహాల మీదే ఆధారపడి, నత్తనడక ఇంటర్నెట్‌తో కాలక్షేపం చేశారు. కొండల్లోని గూడేలకు, నడిసముద్రంలోని ఓడలకు, ఎగిరే విమానాలకు తీగ ఎట్లా వేస్తాం? పైగా తీగ తెగితే? 2008 జనవరి చివర్లో ఈజిప్టు దగ్గర మధ్యధరా సముద్రంలో తీగలు దెబ్బతింటే ఇక్కడ మన దేశంలో ఇంటర్నెట్ కుంటుపడింది. ఎక్కడి ఈజిప్టు, ఎక్కడి మనం!

కనుక రెండో దారి ఒకటి ఉండడం అవసరం. పాత పద్ధతి ఉపగ్రహాలు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట అంత ఎత్తుకు పోయి దిగడానికే పావు సెకను పడుతుంది. జవాబు వచ్చేసరికి అర సెకను. ఉత్తరానికైతే ఫర్వాలేదు గానీ సంభాషణకు ఇబ్బందే. అదే 1,200 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని పెడితే ఈ ఆలస్యం చాలావరకు తగ్గిపోతుంది. అయితే ఇంకో చిక్కు ఉంది. కింద తిరిగే ఉపగ్రహానికి భూమి మీద కొద్ది మేరే కనిపిస్తుంది. అదీ ఒకచోట నిలబడదు, చూస్తుండగానే దాటిపోతుంది. అందుచేత ఒకటి దాటిపోగానే రెండోది అందుకోవాలి, దాని వెనుక మూడోది. అట్లా భూగోళమంతా కప్పాలంటే వందల కొద్దీ కావాలి. వన్‌వెబ్ వేసుకున్న లెక్క 648.

కల కన్నవాడు, కొన్నవాడు

ఈ కల మొదట కన్నవాడు గ్రెగ్ వైలర్ అనే అమెరికన్. 2012లో సంస్థను స్థాపించాడు. అంతకుముందు ఆయన పెట్టిన ఓ3బి అనే సంస్థ పేరులోనే ఇంటర్నెట్ అందని ‘మిగతా 300 కోట్ల మంది’ అన్న అర్థం ఉంది. లేనివారికి అందించాలన్నదే ఆయన ఆలోచనకు మూలం. 2016 డిసెంబరులో జపానుకు చెందిన సాఫ్ట్‌బ్యాంక్ 100 కోట్ల డాలర్లు పెట్టడానికి ముందుకొచ్చింది. ఇంకేం, బండి కదిలింది.

కానీ ఉపగ్రహాల వ్యాపారంలో ఒక తిరకాసు ఉన్నది. సగం ఇల్లు కట్టి ఒక గదిని అద్దెకివ్వవచ్చు. సగం కూటమిని ఎగరేసి మొత్తం భూమికి సేవ అమ్మడం కుదరదు. చేతికి రూపాయి రాకముందే ఖర్చంతా పెట్టాలి. 74 ఉపగ్రహాలు పైకి వెళ్ళేసరికి డబ్బు కటకటలాడింది. కరోనా వచ్చి పడింది. 2020 మార్చి 27న వన్‌వెబ్ దివాలా రక్షణ కోరుతూ అమెరికా కోర్టు మెట్లెక్కింది.

అప్పుడు ముందుకు వచ్చిన జంట విచిత్రమైనది. ఒకరు బ్రిటిష్ ప్రభుత్వం, రెండోవారు మన మిట్టల్ గారి భారతీ. చెరి 50 కోట్ల డాలర్లు పెడతామని 2020 జులైలో వేలంలో సంస్థను గెలుచుకున్నారు. ఒకనాడు మనల్ని ఏలిన దేశపు సర్కారు, మన దేశపు వ్యాపారి సరిసమానంగా కూర్చుని ఒక సంస్థను కొనడం చరిత్రలో ఆసక్తికరమైన ఘట్టమే. నవంబరులో దివాలా నుంచి బయటపడగానే మిట్టల్ కార్యనిర్వాహక అధ్యక్షుడయ్యాడు. నిర్వహణ బాధ్యత నీల్ మాస్టర్‌సన్‌కు అప్పగించారు. ఈయన రాకెట్ల మనిషి కాడు, థామ్సన్ రాయిటర్స్ సంస్థలో పెద్ద పదవి చేసి వచ్చినవాడు. సంస్థకు అప్పుడు కావలసింది మరో కల కాదు, ఉన్న కలను లెక్క ప్రకారం, వేళ ప్రకారం నడిపించే మనిషి.

బైకనూరు నుంచి శ్రీహరికోటకు

అంతా కుదుటపడిందనుకుంటుండగా 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. వన్‌వెబ్ ఉపగ్రహాలను మోస్తున్నవి రష్యా సోయజ్ రాకెట్లు. మార్చి మొదటివారంలో కజకిస్తాన్‌లోని బైకనూరులో 36 ఉపగ్రహాలతో రాకెట్ సిద్ధంగా నిలబడి ఉంది. ఉపగ్రహాలను సైనిక అవసరాలకు వాడబోమని హామీ ఇవ్వాలి, బ్రిటిష్ ప్రభుత్వం తన వాటా వదులుకోవాలి అని రష్యా అంతరిక్ష సంస్థ షరతు పెట్టింది. వన్‌వెబ్ పాలకవర్గం తలవంచలేదు. బైకనూరు ప్రయోగాలన్నీ నిలిపివేస్తున్నట్టు తీర్మానించింది. ఆ 36 ఉపగ్రహాలు అక్కడే చిక్కుబడ్డాయి. నష్టానికి సిద్ధపడి ‘వద్దు’ అనడం కూడా నాయకత్వమే.

తరువాత ఎవరు మోస్తారు? కొన్ని వారాల్లోనే అమెరికాకు చెందిన స్పేస్ఎక్స్‌తో ఒక ఒప్పందం కుదిరింది. 2022 ఏప్రిల్‌లో మన ఇస్రో వాణిజ్య విభాగమైన న్యూస్పేస్ ఇండియాతో మరొకటి. రెండు ప్రయోగాలు, 72 ఉపగ్రహాలు, 1,000 కోట్ల రూపాయల పైచిలుకు బేరం. న్యూస్పేస్ ఇండియాకు అప్పుడు అధిపతి డి.రాధాకృష్ణన్, ఇస్రోకు అధ్యక్షుడు ఎస్.సోమనాథ్, శ్రీహరికోట కేంద్రానికి సంచాలకుడు ఎ.రాజరాజన్.

ఈ పనికి ఎంచుకున్నది మన అన్నిటికన్నా బలమైన రాకెట్ ఎల్.వి.ఎం.3. ఎత్తు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులు. దాని రెండు పక్కలా ఉండే బూస్టర్లలో ఒక్కొక్కటికి 200 టన్నుల ఘన ఇంధనం పడుతుంది. ఆ ఇంధనాన్ని పోతపోసేది శ్రీహరికోటలోనే. అప్పటిదాకా అది పరాయి సంస్థల సరుకు మోసి డబ్బు సంపాదించిన రాకెట్ కాదు. 2022 అక్టోబరు 23 అర్ధరాత్రి దాటిన ఏడు నిమిషాలకు, దీపావళి ముంగిట, 36 ఉపగ్రహాలతో పైకి లేచింది. బరువు 5,796 కిలోలు. మిట్టల్ స్వయంగా వచ్చి చూశాడు.

పైకి పోయాక అసలు పని మొదలు. ముప్పై ఆరింటినీ ఒక్కసారి వదిలేస్తే ఒకదానికొకటి గుద్దుకుంటాయి. అందుకని నాలుగేసి చొప్పున తొమ్మిది విడతలుగా, ప్రతి విడతకూ రాకెట్ పై దశను కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ వదిలారు. నిండు బస్సులోంచి జనాన్ని తోపులాట లేకుండా దించినట్టు! 2023 మార్చి 26 ఉదయం 9 గంటలకు రెండో ప్రయోగం మరో 36తో విజయవంతమైంది. దానితో కక్ష్యలో వన్‌వెబ్ ఉపగ్రహాలు 618 అయినాయి, భూగోళాన్నంతా కప్పడానికి అవి చాలునని సంస్థ ప్రకటించింది. ఆ సెప్టెంబరులో వన్‌వెబ్ ఫ్రాన్సుకు చెందిన యూటెల్‌శాట్‌తో విలీనమైంది.

ఆపే హక్కు

ఇంతకూ ఈ కథలో నాయకుడెవరు? కల కన్న వైలరా? కొన్న మిట్టలా? నడిపిన మాస్టర్‌సనా? ఎగరేసిన సోమనాథా? ఒక్క పేరు చెప్పమంటే చెప్పలేం. వైలర్ లేకుంటే సంస్థ పుట్టదు. వైలర్ ఒక్కడే అయితే సంస్థ బతకదు. ఒకరి చేతిలోంచి జారిన బరువును మరొకరు అందుకోవడమే ఇక్కడ నాయకత్వం.

దీనికి శ్రీహరికోట చరిత్రలోనే రెండు మంచి ఉదాహరణలు ఉన్నాయి. 1979 ఆగస్టు 10న మన తొలి ఉపగ్రహ వాహనం ఎస్.ఎల్.వి.3 ప్రయోగం. ప్రాజెక్టు సంచాలకుడు అబ్దుల్ కలాం. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ఆపమన్నది. నిపుణులు ఫర్వాలేదన్నారు. కలాం గారు ముందుకే పోయారు. రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. ఆనాడు పత్రికలవారి ముందు కూర్చుని బాధ్యత తన నెత్తిన వేసుకున్నవాడు ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధవన్. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహంతో రెండో ప్రయోగం నెగ్గినప్పుడు మాత్రం ‘నువ్వు మాట్లాడు’ అని కలాంను ముందుకు పంపాడు. ఈ సంగతి కలాం గారే తరువాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. 2002లో శ్రీహరికోట కేంద్రానికి ధవన్ పేరు పెట్టడం ఊరికే కాదు.

రెండోది 2019 జులై 15. ఇదే తరగతి రాకెట్ మీద చంద్రయాన్-2 సిద్ధంగా ఉంది. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు, దేశమంతా నిద్రమానుకుని చూస్తున్నది. ఇంకా 56 నిమిషాలుండగా సాంకేతిక లోపం కనిపించింది. ఆపేశారు! ఎవరి పరువూ అడ్డురాలేదు. లోపం సరిచేసి జులై 22న ఎగరేశారు. 1979లో కంప్యూటర్ మాట పక్కన పెట్టిన చోటే, నలభై ఏళ్ళకు, ఆపడానికి జంకని పద్ధతి వేళ్ళూనుకుంది. రాకెట్ కంటే కట్టడానికి కష్టమైన వస్తువు ఇదే.

మిగిలిన బాకీ

ఒక్కమాట చెప్పకుండా ముగిస్తే న్యాయం కాదు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఈ దీవిలో రాకెట్ల కంటే ముందు యానాదులు ఉండేవారు. అడవిని, నీటిని నమ్ముకుని బతికినవారు. తొలి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. దానికోసం దీవిని ప్రభుత్వం తీసుకున్నప్పుడు వారి బతుకు బాట మారిపోయింది. సారథుల జాబితాలో వారి పేర్లు ఉండవు. కానీ ఈ నింగి దారికి మొదటి మెట్టు వారు విడిచిన నేల. తరతరాలుగా నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఈ ప్రాంతపు యానాది పిల్లవాడి చేతికి, తన దీవి మీదుగా ఎగిరిన ఇంటర్నెట్ చేరినప్పుడే వైలర్ మొదట చెప్పిన ‘లేనివారికి’ అన్న మాటకు విలువ.

ఇది మనకు దూరపు విషయం కాదు. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో పెద్ద సమాచార కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. దానితోపాటు అంతర్జాతీయ సముద్ర తీగలు విశాఖ ఒడ్డెక్కుతాయని కూడా చెప్పింది. రేపు ఆ తీగల దగ్గరా, ఈ రాకెట్ల దగ్గరా ఉద్యోగాలకు నిలబడేది మనలాంటి వాళ్ళమే. అక్కడ మనల్ని ఎవరూ ‘నీకు ఎన్ని మార్కులు’ అని మాత్రమే అడగరు. తప్పు కనిపిస్తే ఆపమని చెప్పగలవా, చెప్పినవాడి మాట వినగలవా, ఓడినప్పుడు ముందు నిలబడగలవా అని పనే అడుగుతుంది. మన విద్యార్థి సంఘం ఎన్నికల్లో ఓట్లడగడానికి వచ్చే మిత్రులను సైతం ఈ మూడు ప్రశ్నలే అడిగి చూడండి. జవాబు చెప్పలేనివారు ఎందరో, చెప్పగలవారు ఎందరో తేలిపోతుంది.